ఎనిమిది థ్రెడ్లు, ఒక్క బస్సు

జూలై 4, శుక్రవారం
మళ్ళీ గొల్లపల్లి సంత. మళ్ళీ సర్వర్ మొరాయించింది. వారమంతా ఈగలు తోలుకుంటుంది. ఈ ఒక్కరోజు నర్సులందరి ఫోన్లూ ఒకేసారి మీద పడతాయి. వాళ్ళ ఊళ్ళలో సిగ్నల్ లేదు, సంతలోనే దొరుకుతుంది. ఫోటోలు ఎక్కించి, మా ల్యాబ్ రిపోర్టులు దించుకుని, ఉన్న ఒక్క బస్సూ ఎక్కాలి.

జూలై 5
నాలుగు ప్రాసెసర్లూ నిద్రపోతున్నాయి. చిక్కు థ్రెడ్లలో, అంటే ఫోన్లను అందుకునే కిటికీల్లో. ఉన్నవి ఎనిమిదే. ఫోటో ఎక్కేదాకా ఒక్కో ఫోన్ ఒక్కో థ్రెడ్‌ను వదలదు... మిగతా ముప్పై బయట వరుసలో. నలభై ఎనిమిది చేస్తానని మా పైఅధికారి రాయ్‌పూర్ సార్‌కి రాశాను.

జూలై 8
వద్దన్నారు. ప్రాసెసర్‌కి రెండేనట, నియమమట. ఆ నియమం రాసినవాడు ఈ బస్సు ఎక్కాడా అని అడగాలనిపించింది. "జీ సర్" అన్నాను.

జూలై 11, శుక్రవారం
నర్సు ముత్తమ్మ ఫోన్. "ఏంది సార్, పొద్దటి సంది గుండ్రంగ తిరుగుతనే ఉంది. మా భీమె రిపోర్టు జర చూసి చెప్పుండ్రి. బస్సు కదులుతాంది."
చూద్దామంటే నా స్క్రీన్ కూడా అదే వరుసలో. ఉండమ్మా, ఉండు అంటూనే ఉన్నాను. లైన్ తెగింది.
తర్వాత రిపోర్టు తెరుచుకుంది. భీమె, ఎనిమిదో నెల. రక్తం బాగా తక్కువ, వెంటనే ఆస్పత్రికి తేవాలి.
అప్పటికి బస్సు సిగ్నల్ అందే మేర దాటింది.

జూలై 12
ఎవరికీ చెప్పకుండా నలభై ఎనిమిది చేశాను. ఒక్క నిమిషం పని. వారం కిందటే చేయాల్సింది. సిగ్గుగా ఉంది.
కుంట ఊళ్ళో బట్టల కొట్టు నడిపే మా బాబాయికి ఫోన్ చేసి రిపోర్టు చీటీ మీద రాయించాను. "పంపిస్త తియ్యిరా. ముందు ఆ ఊరి తొవ్వల వాగు దిగాలె గద."

జూలై 14
వాన.

జూలై 15
వాన. చీటీ బాబాయి జేబులోనే ఉందట.

జూలై 17
వాగు దిగిందట. ఎవరో సైకిల్ మీద తీసుకెళ్ళారు. అందిందో లేదో...

జూలై 18, శుక్రవారం
సంత. ఒక్క ఫోనూ ఆగలేదు. సార్ సంతోషంగా ఫోన్ చేశారు — ఎనిమిది చాలని చెప్పానా లేదా అని. అలసిపోయాను.
అందరి ఫోన్లూ వచ్చి వెళ్ళాయి, ముత్తమ్మది తప్ప. థ్రెడ్లన్నీ ఖాళీ. బస్సుకి ఇంకా పది నిమిషాలు.