చల్లటి గుండీలు

చిరంజీవి సౌభాగ్యవతి లియోటాకు,

నీ పెద్దన్నయ్య ఎల్వుడ్ మనసారా దీవించి వ్రాయు సంగతులు. నేనిక్కడ కుశలం. మోకాలు తప్ప తక్కిన శరీరమంతా నా మాట వింటున్నది. అక్కడ నువ్వు, బావ, పిల్లలు, డెల్మర్ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను.

పైన కుడిమూలన తేదీ, ఊరి పేరు లేవేమని ఆశ్చర్యపోకు. అవి లేనిది ఉత్తరమే కాదని ముప్పై ఎనిమిదేళ్ళు పిల్లలకు బోధించినవాణ్ణి నేనే. అయితే ఈ కాగితాన్ని నాలుగు రోజులుగా మొదలుపెట్టి చింపుతున్నాను కనుక ఏ తేదీ వేసినా నిజం కాదు. ఊరి పేరంటావా, అమ్మ పుట్టిన ఊరు చూసి రమ్మని నన్నిక్కడికి పంపినదానివి నువ్వే.

నీ ప్రశ్నలకు అడిగిన వరుసలోనే సమాధానాలు చెబుతాను. (నీ ఉత్తరంలో మూడు వాక్యాలకు క్రియాపదాలు లేవు. ఊహించుకుని చదువుకున్నాను.) మాత్రలు వేసుకుంటున్నాను. తిండికి లోటు లేదు. బస బెర్నడీన్ క్లోస్టర్మన్ అనే ఆవిడ ఇంట్లో, మేడమీది గదిలో. ఆవిడ భర్త నదిమీద పడవలను దాటించే లాకుల దగ్గర పనిచేసి, పోయారు. గది శుభ్రంగా ఉన్నది. గోడమీది క్యాలెండరులో ఒక అక్షరదోషమున్నది. పెన్సిలుతో సవరించాను.

అమ్మ పుట్టిన ఇల్లు లేదు, లియోటా. అది ఉండవలసిన చోట కార్లు నిలుపుకునే ఖాళీ స్థలమున్నది. గుండీల కార్ఖానా గోడలు మాత్రం మూడంతస్తులూ నిలిచే ఉన్నాయి, కిటికీలకు చెక్కలు కొట్టారు. పదమూడో ఏట నుంచి పెళ్ళయ్యేదాకా అమ్మ రెండో అంతస్తులో కూర్చుని గుండీలు ఏరినది. గుండీలు కోసుకుని పారేసిన పాత ఆల్చిప్పలు ఒడ్డున ఇప్పటికీ కుప్పలుగా దొరుకుతాయి. ఒక్కొక్క చిప్పకు గుండ్రని రంధ్రాలు ఐదారు. గుండీలు ఎవరెవరి చొక్కాలకో ఎక్కి వెళ్ళిపోయినవి, రంధ్రాలు ఇక్కడ మిగిలినవి. నీ కోసం రెండు చిప్పలు ఏరి పెట్టాను.

నీ చివరి ప్రశ్న డెల్మర్‌ను గురించినది. "చిన్నన్నయ్యకు నీమీద ఇంత పంతమేమిటి? అమ్మ అంత్యక్రియల నాడు గొంతు పెగలక నిలబడిపోతే కూర్చోబెట్టి ఆదుకున్నావు, అంతేగా? నాలుగేళ్ళు మాట్లాడకపోవడానికి అదొక కారణమా?" అని అడిగావు. ఆ సమాధానం కోసమే నాలుగు కాగితాలు చింపాను. ముందు ఇక్కడ జరిగినది చెప్పనీ. అది చెప్పకుండా ఇది చెప్పలేను.

నేను వచ్చిన మూడో రోజున నది పెరగడం మొదలైనది. ఎగువన మంచు ఒక్కసారిగా కరిగినదట. ఉదయం ఫలహారం దగ్గర బెర్నడీన్ పొయ్యివైపు తిరిగి నిలబడే మాట్లాడింది.

"మధ్యాహ్నం బస్సుంది మాస్టారూ. మీరెళ్ళిపోయినా ఎవరూ ఏమీ అనుకోరు."

"వెళ్ళమంటున్నారా?"

"అయ్యో, నేనెందుకంటానండీ! ఇంకో గుడ్డు వేయనా?"

"వద్దండీ."

"చిన్నదే."

"నిజంగా వద్దు."

"వేసేశా. తినేయండి."

అమ్మ వంటింట్లో కూర్చున్నట్లే ఉన్నది. ఆ గుడ్డు తిని, బస్సు సంగతి మరచి, ఆవిడ వెంట నది వీధికి నడిచాను. ఊరంతా అక్కడే ఉన్నది. లారీలు ఇసుక దింపుతున్నాయి. ఒకరు సంచి పట్టుకుంటే ఒకరు పారతో నింపుతున్నారు. నిండిన సంచి చేతులు మారుతూ గట్టు దాకా వెళుతున్నది. అందరిమీదా పెత్తనం క్షౌరశాల నడిపే గస్‌ది. నా నెరిసిన తల చూసి తేలిక పని చెప్పబోయాడు. నేనొప్పుకోలేదు. వీధి మలుపు దగ్గర ఇరవై అడుగుల గట్టు నాకు అప్పగించమన్నాను. నింపడం, మోయడం, పేర్చడం, అంతా నేనే చేస్తానన్నాను.

ఎలా చేయాలో ఎవరినీ అడగలేదు. అడగడం నాకెప్పుడూ అలవాటు లేదు, నీకు తెలుసు. ప్రతి సంచినీ మెడ దాకా కూరి నింపాను. మూతికి రెండు ముడులు వేశాను. తాడు పట్టి కొలిచినట్లు వరుసగా నిలబెట్టాను. నా గట్టు తప్ప తక్కిన గట్టంతా సగం నిండిన సంచులతో, ముడులు లేకుండా, చదునుగా చతికిలబడి ఉన్నది. ఎంత సోమరితనమో అనుకున్నాను.

గస్ అటుగా వచ్చి నడుముమీద చేతులు పెట్టుకున్నాడు. "ఏంటి మాస్టారూ, సంచులకి పరీక్ష పెడుతున్నారా? భయపడి నిటారుగా నుంచున్నాయి!"

"ఊరుకో గస్," అన్నది బెర్నడీన్. "నువ్వు పెట్టినవి పందులు దొర్లినట్టున్నాయి, పో." తరువాత నా వరుసను కాసేపు చూసి, "కొత్తగా ఉందండీ," అన్నది.

పక్కింటివారి కూర నోట పెట్టుకోలేనప్పుడు అమ్మ అనే మాటే అది. అంతటి మాట విని కూడా నేను తల పంకించి, మరో సంచికి ముడి వేశాను.

మధ్యాహ్నం చర్చి వారు గట్టు దగ్గరికే భోజనం తెచ్చారు. అందరూ లారీల నీడన కూర్చున్నారు. కళ్ళజోడు గట్టుమీద మరచానని గుర్తుకు వచ్చి వెనక్కు వెళ్ళాను. మలుపు దగ్గర బెర్నడీన్ ఒక్కతే మోకాళ్ళమీద కూర్చుని ఉన్నది. వంటింటి కత్తితో నా ముడులు కోస్తున్నది. సగం ఇసుక పారబోసి, మూతి లోపలికి మడిచి, సంచిని పడుకోబెట్టి, దానిమీద ఎక్కి తొక్కుతున్నది. అప్పుడు అర్థమైనది. కూరిన సంచి రాయిలాంటిది, పక్కదానితో కలవదు, సందుల్లోంచి నీరు దూరుతుంది. సగం నిండినదైతే పక్క సంచి ఆకారంలోకి ఒదిగిపోతుంది. నా ఇరవై అడుగులూ ఊరి మధ్యకు తెరిచిపెట్టిన తలుపులన్నమాట.

నేను చప్పుడు చేయకుండా వెనక్కు తిరిగి వచ్చాను. ఎందుకు పిలవలేదని అడుగుతావేమో. సిగ్గు, లియోటా. భోజనమయ్యాక వెళ్ళేసరికి నా గట్టు చదునుగా, బిగుతుగా ఉన్నది. ఆవిడ దూరంగా మరెవరి పక్కనో పార పట్టుకుని, నన్ను చూడనట్లు నవ్వుతూ మాట్లాడుతున్నది. నేనూ ఏమీ తెలియనట్లు మరో సంచి అందుకున్నాను. సగమే నింపాను.

మరునాడు నది గట్టు అంచుకు జానెడు దిగువన ఆగినది, సాయంత్రానికి తగ్గుముఖం పట్టినది. ఆదివారం ప్రార్థన ముగిశాక చర్చి కింది గదిలో విందు. వేయించిన క్యాట్‌ఫిష్, పంది మాంసం, పాలమీగడలో ఉడికిన బంగాళాదుంపలు, పళ్ళు కూరి కాల్చిన పైలు నాలుగు రకాలు. కాఫీ పోస్తుండగా గస్ కుర్చీ ఎక్కాడు.

"అయ్యా, అమ్మా, కాస్త నోళ్ళు ఆపండి. తినేవాళ్ళు తినండి. మలుపు దగ్గరి గట్టు ఎప్పుడూ మనకి తలనొప్పే కదా. పోయిన వరదకి అక్కడే కొట్టుకుపోయింది. ఈసారి చుక్క కారలేదు. అది కట్టింది మనూరి మనిషి కూడా కాదు, ఇదుగో, ఈ మాస్టారు! లేవండి మాస్టారూ!"

నూట యాభై మంది చప్పట్లు కొట్టారు. నేను లేచి, వినయంగా తల వంచాను.

అలా తల వంచడం నా మెడకు తెలిసిన పనే, లియోటా. నాలుగేళ్ళ క్రితం అమ్మ అంత్యక్రియలయ్యాక మన చర్చి మెట్లమీద, పాదిరిగారు నా చేయి పట్టుకుని "ఇంతటి మాటలు నా జన్మలో వినలేదు" అన్నప్పుడు ఇలాగే వంచాను. ఆ వంపులోనే అది గుర్తుకు వచ్చి, మళ్ళీ తల ఎత్తడం కష్టమైనది. నా ఎదురు బల్ల దగ్గర బెర్నడీన్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నది.

"ఆ గట్టు నాది కాదు," అన్నాను. చప్పట్లలో వినబడలేదు, మళ్ళీ చెప్పాను. "నేను కట్టినది నిలిచేది కాదు. నా ముడులన్నీ కోసి, ఇసుక పారబోసి, మొదటినుంచి కట్టినది శ్రీమతి క్లోస్టర్మన్. మీరు భోంచేస్తున్నప్పుడు. నేను చూశాను, చూసి ఊరుకున్నాను."

తలలన్నీ బెర్నడీన్ వైపు తిరిగాయి. ఆ పైన గది పగిలేలా నవ్వులు.

"దొరికిపోయావు బెర్నడీన్!" అన్నాడు గస్. "ఈవిడ నావీ విప్పుతుందండీ. మూడు వరదల్నించీ చూస్తున్నా, పోనీలే పాపం అని మాట్లాడట్లేదు."

"మా ఆయనవీ విప్పింది!" అన్నారెవరో.

"మీ ఆయనవి విప్పకపోతే ఊరు ఇవాళ సముద్రంలో ఉండేది," అన్నది బెర్నడీన్, ముఖం కందగడ్డ చేసుకుని. "కూర్చోండి మాస్టారూ, కాఫీ చల్లారిపోతోంది."

ఇంటికి నడుస్తూ అడిగాను, తప్పని మొదటే ఎందుకు చెప్పలేదని.

"చెప్తే నొచ్చుకునేవారు. ఎవరు పెట్టారో నీళ్ళకేం పట్టింది?" అన్నది. నాలుగడుగులు వేశాక తనే ఆగినది. "కానీ అబద్ధమెందుకు మాస్టారూ. మీరు లేచి నా పేరు చెప్పారు చూడండి, అది బాగుంది. ముప్పై ఏళ్ళలో ఎవ్వరూ చెప్పలేదు."

ఆ మాటతో నా చేతికి ఇక సాకు మిగలలేదు. డెల్మర్‌కు ఇవేవీ పట్టవని, వాడు మోటు మనిషని, మరచిపోయి ఉంటాడని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

విను. ఆనాడు వాడు మడత కాగితం పట్టుకుని లేచాడు, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు. ఇక్కడ "ఆ కాగితం నా చేతికి వచ్చినది" అని వ్రాసి కొట్టివేశాను. కాగితం దానంతటది రాలేదు. నేను వాడి చేతిలోంచి లాక్కున్నాను, భుజం నొక్కి కూర్చోబెట్టాను. నా జేబులో నా సొంత ప్రసంగమున్నది, నాలుగు పేజీలు. అది తీశాను. వాడి కాగితాన్ని దానిమీద పెట్టి, చదువుదామని కాదు, ఊరికే చూశాను. చూసిన తరువాత నా నాలుగు పేజీల్లో ఒక్క ముక్క కూడా నోట పలకడానికి తగినది కనిపించలేదు.

నేను చదివినది వాడి కాగితాన్ని. మొదటినుంచి చివరిదాకా, ఒక్క మాట మార్చకుండా. అందరూ నా ప్రసంగమే అనుకున్నారు. అనుకోనిచ్చాను. జిల్లా వారపత్రిక నా పేరుతో అచ్చువేసినది. నువ్వు పటం కట్టించి ముందుగదిలో పెట్టావు. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా దాని కింద కూర్చుని డెల్మర్ భోంచేస్తున్నాడు.

నీకు అవి కంఠతా వచ్చునని తెలుసు. అయినా ఒకసారి వాడి గొంతులో ఊహించుకో: "అమ్మ మా చొక్కాలకు గుండీ కుట్టేముందు పెదవికి ఆనించి చూసేది. చిప్పతో చేసిన గుండీ చల్లగా ఉంటుంది, ఉత్తది ఉండదు. మేం ముగ్గురం చల్లటి గుండీలతోనే బడికి పోయాం. నిన్న అమ్మ నుదుటికి పెదవి ఆనించాను. చల్లగా ఉంది. అమ్మ అసలుసిసలుది, అంతే నాకు తెలిసింది."

నాన్న నడుము విరిగినప్పుడు ఎనిమిదో తరగతిలో బడి మాని, పాడిపని నెత్తిన వేసుకుని, నన్ను ఉపాధ్యాయ కళాశాలకు పంపినవాడు వ్రాసిన మాటలవి. వాడు చదవడానికి తడబడతాడు, నిజమే. తడబడనిస్తే ఏమయ్యేది? ఇంకో పది నిమిషాలు పట్టేది. అమ్మకు పది నిమిషాలు ఎక్కువయ్యేవా? మోసాన్ని బయటపెట్టకుండా నాలుగేళ్ళు నోరు కట్టుకున్నాడు, దాన్ని మీరంతా పంతమన్నారు. నేనూ అన్నాను. నీ ఎదుటే, నీ ఇంట్లోనే అన్నాను.

ఇక్కడివాళ్ళకు బెర్నడీన్ సంగతి ముందే తెలిసినట్లు, నీకూ ఇదంతా ఎప్పుడో తెలిసి ఉండవచ్చు. నువ్వూ నన్ను నొప్పించకూడదని ఊరుకుని ఉండవచ్చు. అయినా నా నోటితో చెప్పవలసినది నేను చెప్పవలసినదే.

వాడి కాగితం నా దగ్గరే ఉన్నది. ఇన్నాళ్ళూ నిఘంటువులో దాచాను, ఈ ఊరికి వచ్చేటప్పుడు ఎందుకో వెంట తెచ్చుకున్నాను. దీనితో జతచేశాను. అది వాడిది, వాడికి ఇవ్వు. పటంలో నా పేరు తీసి వాడి పేరు వ్రాయి. పత్రికకు నేను విడిగా వ్రాశాను. వాడు ఆ కాగితాన్ని అందరిముందూ చదువుతాడో, మడిచి జేబులో పెట్టుకుని పాలు పిండడానికి వెళ్ళిపోతాడో నాకు తెలియదు. నన్ను మళ్ళీ గుమ్మంలోకి రానిస్తాడో లేదో అంతకంటే తెలియదు. చదివితే మాత్రం, ఆగినచోట ఎవరూ మాట అందించవద్దు.

నీకు నేను అప్పగించే పని ఇదొక్కటే. వచ్చే ఆదివారం పాదిరిగారిని, ఆనాడు చర్చిలో ఉన్నవారిలో పిలవగలిగినంత మందిని భోజనానికి పిలువు. డెల్మర్‌ను నీ పక్కన కూర్చోబెట్టుకో. నేను అందరిముందు దొంగిలించాను కనుక, అందరిముందే ఈ ఉత్తరాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా బిగ్గరగా చదివి వినిపించు.

ఇట్లు,
మీ ఇద్దరికీ అన్నయ్య,
ఎల్వుడ్