జేబులో గాజులు

మామా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. పొద్దుట్నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. చదవవని తెలిసీ రాస్తున్నాను.

నిన్న మా ఆదోని ఆసుపత్రిలో నర్సులందరికీ క్లాసు పెట్టారు. మోచేతి కింద గాజులు, ఉంగరాలు ఏవీ ఉండకూడదట. వాటి సందుల్లో క్రిములు దాక్కుంటే ఎంత కడిగినా పోవట. కొత్తగా పెళ్లయిన మల్లిక ఏడుపు మొహం పెట్టింది.

"మొగుడుండంగా బోసి చేతులేందని మా అత్త తిడ్తాది మేడం."

కర్నూలు నుంచి వచ్చిన ఆ మేడం నా చేతులు పట్టుకుని పైకెత్తింది. "చూడండి, నర్సు చేతులంటే ఇట్లుండాల."

ఆమెకు తెలియదు పాపం. తెలిసినవాళ్లంతా తలలు దించుకున్నారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తోచలేదు.

బయటికొచ్చాక మల్లికతో అన్నాను. "పొద్దున గేటుకాడ తీసి మీ ఆయప్ప చేతికియ్యి. సాయంత్రం ఆయప్పనే తొడగమను. మా మామ అట్లనే సేస్తాండె."

నాకు ఆపరేషన్ థియేటర్ డ్యూటీ ఉన్నన్నాళ్లూ నువ్వు నా గాజులు కర్చీపులో చుట్టి జేబులో వేసుకుని, ఎమ్మిగనూరులో మగ్గం పనికి పోయి, మళ్లీ ఒక్కటీ చిట్లకుండా తెచ్చేవాడివని చెప్తే నవ్వింది.

ఈ సాయంత్రం గేటు దగ్గర వాళ్లాయన నిలబడి ఉన్నాడు. కర్చీపులో చుట్టాలని తెలియదు కాబోలు, అడుగేస్తే జేబులో గాజులు గలగలమన్నాయి. మల్లిక చేయి చాపింది.

నా డ్యూటీ అయిపోయింది. అయినా గేటు దాటలేక వెనక్కి వెళ్లి, మోచేతుల దాకా సబ్బు రుద్ది మళ్లీ చేతులు కడుక్కున్నాను.