టైరుల తోడేసిన పాలు

నవంబర్ 8, శుక్రవారం

సైకిల్ కిందికి దిగింది! నా చేతులతోనే దించిన. ఏడాది సంది కొట్టంల దూలానికి ఏలాడిన సైకిల్. పొద్దున రవళి పండ్లు తోముకుంట వచ్చి "బాపూ, జర అందుకో" అన్నది, గంతే. నా చిన్నబిడ్డ గా మాట ఎప్పుడంటదా అని ఎన్ని దినాల సంది చూస్తున్ననో. గోనెసంచి ఇప్పితే బూజు, లోపల పిట్టగూడు. హ్యాండిలు తుడుస్తుంటే కండ్లల్ల నీళ్లు... దుమ్ము పడ్డదనుకున్నది బిడ్డ. అనుకోనీ.

నవంబర్ 9, శనివారం

మా ఆమెకు చెప్పలే. ఆమెకే తెలిసింది.

"మల్ల గుట్టలెక్కుతదా? భుజం కాడ బొక్క ఇరిగింది మర్చినవా?"

ఎట్ల మరుస్త? పోయినేడు గుట్ట దిగుతుంటే ముందు టైరుల తుమ్మముల్లు దిగింది. ట్యూబుల గాలి ఒక్కపారే పోయి బండల మీద పడ్డది బిడ్డ. దవాఖానల పక్కన కూసున్నది నేనే గద.

అన్నం కలుపుకుంట, ఎవ్వల మొఖం చూడకుంట అన్నది రవళి: "పాలమూరు కాడ గుట్టల పోటీకి పేరిచ్చిన. గీసారి మంచిగ దిగుత. దిగకపోతే సైకిల్ అమ్మేస్త."

అమ్ముడా! ముద్ద పళ్లెంలనే ఇడిసిన నేను.

నవంబర్ 11, సోమవారం

ట్యూబే వద్దంట! ట్యూబ్‌లెస్ చేస్తదంట. "లారీలకు, కార్లకు ఉండదా బాపూ, గట్లనే." టైరు లోపల మందు పోస్తరు. ముల్లు దిగితే గా సందు కాడికి ఉరికొచ్చి గడ్డకట్టుకుంటది, గాలిని పోనియ్యది. సీసా తెప్పించింది. మూత తీసి చూసిన... అచ్చం పాలు! వాసన మాత్రం ముక్కు పగులుతది.

మా ఆమె వచ్చి తొంగి చూసింది. "టైరుకు పాలు పోస్తరా? మరి తోడు ఎవ్వలేస్తరు?"

రవళి ఫక్కున నవ్వింది. "ముల్లే తోడు అమ్మా!"

ముల్లే తోడు! పొద్దటి సంది గదే మాట నోట్లె తిరుగుతాంది. ఇంట్ల నవ్వు ఇని ఎన్నాళ్లైంది...

నవంబర్ 13, బుధవారం

పాత ట్యూబులు పీకేసినం. రిమ్ము లోపల స్పోకు పుల్లల బెజ్జాలన్ని టేపుతోని మూయాలె. నేను గుంజి పట్టుకున్న, బిడ్డ అతికించింది. ముడత వచ్చింది — పీకి మల్ల అతికించింది. వాల్వు బిగించింది. ఇగ నేను చేతిపంపు అందుకున్న. కొట్టిన, కొట్టిన... గాలి ఇటు కొడితే అటు పోతాంది. టైరు అంచు రిమ్ముకు పట్టదే! అంగీ చెమటకు తడిసి ముద్దైంది.

"ఇడువు బాపూ, నీ వయసుకు చాలు."

ఏం వయసు! ఇంకింత కొట్టిన.

నవంబర్ 15, శుక్రవారం

నార్కట్‌పల్లి పోయినం. రవళి పనిచేసే మందుల షాపుకు ఎదురుంగనే లారీ టైర్ల ఖాజా భాయ్ దుకాణం. మా చక్రాన్ని రెండు వేళ్లతోని లేపి "పెద్దయ్యా, గిది టైరా, గాజా?" అన్నడు. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన, ఏం జేయాలె.

కంప్రెసర్ పైపు పెట్టి ఒక్కపారి గాలి ఇడిసిండు — టప్! టప్! తుపాకి పేలినట్టే. నేను బల్ల ఎనుకకు దుంకిన. రవళి చప్పట్లు కొడుతాంది. "పేలలే బాపూ, కూసున్నది! టైరు రిమ్ముల కూసున్నది!"

షాపుకెల్లి పెద్ద సిరంజి తెచ్చి, సూది లేకుంట, వాల్వుల కెల్లి పాలు ఎక్కించింది. ఇగ చక్రాన్ని ఊపాలె, తిప్పాలె, ఒకపక్క పండవెట్టాలె. గా పని నాదే అన్న. పసిపిల్లను ఆడించినట్టు ఆడించిన. లారీలోళ్లు ఆగి చూసిండ్రు. అందరికి చాయ్ తాపిన!

నవంబర్ 16, శనివారం

ఎనుక చక్రం మెత్తవడ్డది.

"మొదట్ల గట్లనే ఉంటది, పాలు అంతట పారాలె" అని గాలి కొట్టి పనికి పోయింది బిడ్డ. తోటల బత్తాయికి నీళ్లు పెట్టి వచ్చి ఒత్తి చూసిన. మల్ల పోయిన. మల్ల వచ్చి ఒత్తిన.

"తోడుకునే గిన్నె మూత ఊకె తీసి చూస్తే పెరుగైతదా? జర కుదురుగ కూసో" అంటది మా ఆమె.

కూసోబుద్ధి ఐతలే...

నవంబర్ 17, ఐతారం

రాయి లెక్కున్నది! రెండు చక్రాలు!

నవంబర్ 20, బుధవారం

రోజు తోట ఎనుక ముళ్ల దారిలనే తిప్పుతాంది. గాలి పోతలే. నకిరేకల్‌కు బత్తాయి ఏస్కపోయి, ధర అడుగుడు మర్చి, కనవడ్డోళ్లందరికి టైరు ముచ్చటే చెప్పిన. "నీకు పిచ్చి లేసిందే" అన్నరు. లేసింది మరి!

నవంబర్ 23, శనివారం

ఏం పని చేసిన్నో...

పగటన్నం తిని బిడ్డ జర కన్ను మూసింది. ఊకుండక సైకిల్ కాడికి పోయిన. ముందు టైరు నిండ ముళ్లు. రేపే పోటీ — గిన్ని ముళ్లతోని పంపుతనా? కాల్ల ముల్లు దిగితే తియ్యకుంట ఉంటమా? మొలతాడుకు ముళ్లు గుంజే చిమ్టా ఎందుకు కట్టుకున్న నేను, పుట్టిన కాడికెల్లి తీసుడే తెలుసు. ఒకటి తీసిన. బుస్సుమని ఆగింది. ఆగింది గదా అని ఇంకోటి. గిదేదో మంచిగనే ఉన్నదని ఆఖరుకు అంచు కాడి పెద్దది గుంజిన —

మొఖం నిండ పాలు. గోడ మీద పాలు. సుయ్యిమని ఒకటే మోత.

రవళి ఉరికొచ్చింది. "ముల్లు ఉండనియ్యాలె బాపూ! ముల్లే గద మూత!" చక్రం తిప్పి బెజ్జం కిందికి పెట్టి వేలితోని ఒత్తి పట్టింది. తిట్టలే. తిడితే బాగుండు. సీసాల మిగిలిన జరంత ఎక్కించింది, గాలి కొట్టింది.

మా ఆమె కొంగుతోని నా మొఖం తుడవబోతే పాలు మీసానికి రబ్బరు లెక్క అతుక్కున్నయి. "తోడేసిన గిన్నెల చెయ్యి పెట్టినవ్ గదయ్యా" అన్నది. నవ్వాలె గాని నవ్వు రాలే ఎవ్వలకు.

సాయంత్రం. బెజ్జం కాడ చిన్న బుడగ. వస్తాంది... పగులుతాంది... వస్తాంది.

నవంబర్ 24, ఐతారం. పాలమూరు కాడ, గుట్ట కింద

ఖాజా భాయ్ ట్రాలీ ఆటోల వచ్చినం. రానన్న మా ఆమె అందరికంటె ముందే సద్ది కట్టుకొని సీట్ల కూసున్నది!

బుడగ ఆగింది. రవళి బొటనవేలితోని ఒత్తింది. "నిన్నటికంటె జర మెత్తగుంది. నడుస్తది." నా మొఖం చూసి అన్నదో, టైరును చూసి అన్నదో.

బిడ్డ పోటీ మొదలయ్యే గీత కాడ నిలవడ్డంక చూసిన — ముందు టైరుల కొత్త ముల్లు. నల్లగ, సగం దాక దిగి ఉన్నది. నా చెయ్యి మొలతాడు మీదికి పోనే పోయింది.

"బాపూ."

"ముట్ట బిడ్డా. ముట్టనే ముట్ట."

మా ఆమె చిమ్టాను గుంజుకొని కొంగుకు ముడేసుకున్నది. ఖాజా భాయ్ పొట్ట పట్టుకొని నవ్విండు. పోయేటప్పుడు ఎనుకకు మర్లి చూసి బిడ్డ గూడ నవ్వింది. గా నవ్వుతోనే గుట్టెక్కింది. నాకింకేం గావాలె!

ఎక్కుడైతే ఎక్కింది. దిగుడు ఉన్నది ఇంక.

ట్రాలీ మీద కూసొని రాస్తున్న. ఒక పిలగాడు దిగిండు. ఇంకో పిల్ల దిగింది. ఒకాయన సైకిల్ భుజానేసుకొని నడిచొచ్చిండు — ముల్లంట. అడిగిన నా నోరు పడిపోను.

"వస్తది, ఊకో" అంటది మా ఆమె. అనుకుంట కొంగు ముడి ఇప్పుతాంది, కడుతాంది.

ఉండు తల్లీ, ముల్లూ, గట్టిగ పట్టుకొని ఉండు. జారకు... ముల్లును మొక్కుతున్న నేను!

పైన మలుపు కాడ పసుపు అంగీ. రవళిదే. మెల్లగ వస్తాందా, ఆగిందా... తుమ్మచెట్ల సాటుకు పోయింది. ఇటు దిక్కుకెల్లి రావాలె. ఇంక రాలే —