ఎలుకల డాక్టరు చెప్పిన మందు

బావగారికి,

నెలలు నిండకుండా పుట్టిన మీ మనవడికి మందు చెప్పమని నా కూతురికి ఫోన్ చేశారట. దాన్ని నలుగురిలో "ఎలుకల డాక్టరమ్మా" అని వెక్కిరించింది మీరే. తల్లి ఒంటి వెచ్చదనానికి పసిమెదడులో ఊరే పెప్టైడ్లనే రసాయనాల కోసమే అది ఇరవై ఏళ్ళుగా ఆ ఎలుకపిల్లల్ని చూస్తోంది.

"మందెందుకు మామయ్యా, వాణ్ణి తల్లి గుండెల మీద పడుకోబెట్టండి. అక్కడి డాక్టర్లూ అదే అంటున్నారుగా" అంటే, "ఇంత చదివి చెప్పేది ఇదా?" అని ఫోన్ పెట్టేశారట.

అవును, ఇదే. మీ బుర్రకెక్కేలా చెప్పడం మాత్రం దానికింకా చేతకాలేదు.

క్రిములంటుకుంటాయని కోడల్ని ఆపి, వార్డు గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చున్నారట. అక్కకిచ్చి పంపిన ఈ ఉత్తరం చదవడానికి ఎలాగూ వెలుతురు కోసం కిటికీ దగ్గరికి లేస్తారు. కూడబలుక్కుంటూ మీరు ఇక్కడిదాకా వచ్చేసరికి, అక్క కోడల్ని లోపలికి తీసుకెళ్ళిపోయి ఉంటుంది.

మీ బావమరిది