గీతను చదును చేసే యంత్రం

పుణె, గురువారం

చిరంజీవి అవధూత్‌కు అక్క ఆశీస్సులు. తల్లిదండ్రులు ఆయీకి, బాబాకు నా నమస్కారాలు చెప్పు.

బాబా ఈసీజీ బాగానే వచ్చిందని రాశావు. దాన్ని నమ్మకు. మీ డాక్టరు దగ్గరున్నది మా కంపెనీ చౌక యంత్రం. దాని మీద నాకు ఎప్పటినుంచో అనుమానం. మొన్న ఒకే రోగి గుండె సంకేతాలను దానికీ, పెద్దాసుపత్రులకు అమ్మే ఖరీదైన యంత్రానికీ ఇచ్చి చూశాను. ఖరీదైనది లయ తప్పిన చోటు చూపించింది. చౌకది అక్కడ గీతను చదును చేసేసింది. విప్పి చూస్తే రెండూ లోపల ఒకటే. చౌకదానిలో చదును చేసే ఏర్పాటు కావాలని కలిపారు.

యజమాని కర్ణిక్‌ను అడిగాను.

"రెండూ ఒకేలా చూపిస్తే ఖరీదైనది ఎవరు కొంటారు సులభా?" అన్నాడు.

"మరి చిన్న ఊళ్లో రోగి సంగతేంటి సార్?"

"అనుమానమొస్తే డాక్టరే పెద్దాసుపత్రికి పంపుతాడు. ధరల సంగతి నాకొదిలెయ్."

"గీత శుభ్రంగా ఉంటే ఆయనకి అనుమానం ఎందుకొస్తుంది?"

సాయంత్రానికి కంపెనీలో నా పరీక్షల గదికి వేరే తాళం వేయించాడు.

పోస్టాఫీసు నుంచి ఫోను చేస్తే మీ లైను కలవలేదు. బాబాను వెంటనే మిరజ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లి మళ్లీ ఈసీజీ తీయించు. అప్పటిదాకా చెరకు తోటలోకి వెళ్లనివ్వకు. ఆయాసం ఇంకా ఉందా? ఆయీ మోకాలు ఎలా ఉంది?

కవరు కొనగలిగీ పోస్టుకార్డు మీదే రాశాను. పోస్ట్‌మాన్ చదివినా మంచిదే, నలుగురికీ తెలుస్తుంది. దీన్ని మీ డాక్టరుకు తప్పకుండా చూపించు.

నీ అక్క,
సులభ