ఫ్రిజ్‌ల పెట్టిన బాక్స్

డాడీ,

అన్నం డబ్బా తెరవంగనే ఇది చదువు, తినుడు తర్వాత.

మొన్న నువ్వు జిద్దా ల్యాబ్‌కు తీస్కపోయే, పానం బాగలేని పాప బ్లడ్ బాక్స్, కార్ల ఎండకు ఖరాబైతదని ఇంట్లకు తెచ్చినవ్ గదా. నువ్వు పండుకున్నంక నేనే దాన్ని ఫ్రిజ్‌ల పెట్టిన. పాల లెక్క చల్లగుంటే మంచిదనుకున్న. నువ్వు లేవకముందే తీసి, పైన తడి నా చున్నీతోని తుడిచిన.

చల్లబడ్డందుకే రోగంతోని కొట్లాడే తెల్లకణాలు వేరుపడలేదని, ఆ పాపకు మందు మొదలైంది కాబట్టి మళ్ల రక్తం తీసి పరీక్ష చేసినా ఫాయిదా లేదని నువ్వు మమ్మీతోని అంటుంటే విన్న. "నా బిడ్డ మీద ఒట్టు, నేను ఫ్రిజ్‌ల పెట్టలే" అని నీకు పనిచ్చిన కఫీల్‌కు చెప్పినవట. ఆ ఒట్టు నాకు తగుల్తదేమోనని భయమైతుంది.

మమ్మీకి చెప్పకు, ప్లీజ్. ఇయ్యాల, నిన్ను పనిల నుంచి తీసి ఇండియాకు పంపే ఎగ్జిట్ పేపర్ మీద సంతకం పెట్టకు. నన్ను కఫీల్ దగ్గరికి తీస్కపో. నువ్వు అబద్ధం చెప్పలే డాడీ. ఒట్టు నా మీదనే పెట్టినవ్, నేనే చెప్త.