మూడో నిబంధన

ఫిబ్రవరి 12, శనివారం

మా అమ్మాయి చిన్నిని తెలుగు క్లాసుకి తీసుకెళ్ళాను. మా బ్లాకు కింద గది, చాపలు, ఒక తెల్లబోర్డు, అప్పన్న అంకుల్. పోయినేడు మేం ఈ దేశమొచ్చి చోవా చూ కాంగ్‌లో దిగినప్పుడు పిల్లలు ఎనిమిదిమంది. ఇప్పుడు ముప్ఫై దాటారు. అన్నీ సాఫ్ట్‌వేర్ ఇళ్ళే. కంప్యూటర్లకి రెండువేల సంవత్సరం గండం గడిచింది కానీ వీళ్ళ ప్రాజెక్టులు గడవలేదు, మా ఆయన రవిది కూడా.

అంకుల్ తాత ఎప్పుడో విశాఖలో ఓడెక్కి వచ్చాడట. ఈయన షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యాడు. పన్నెండేళ్ళుగా ఒక్కడే ఈ క్లాసు నడుపుతున్నాడు. గుమ్మంలో అదే పలకరింపు: "ఏటమ్మా, మకాన్ అయిందా?" భోజనం చేశావా అని. మా నాన్న అడిగినట్టే ఉంటుంది.

ఫిబ్రవరి 15

ప్రసాద్‌గారు ఫోను. వాళ్ళబ్బాయీ చిన్నితోనే క్లాసుకొస్తాడు. పాయా లేబర్ ఏరియాలో ఏదో కంపెనీకి మేనేజరు, ఇంట్లోవాళ్ళతో కూడా మీటింగులో మాట్లాడినట్టే మాట్లాడతాడనుకుంటా. "కమిటీ వేద్దాం మేడం. ఎలక్షన్, ప్రెసిడెంట్, సిలబస్... కొంచెం ప్రొఫెషనల్‌గా."

అంకుల్‌ని అడిగారా అన్నాను. అడిగాడట. "మంచిదే కదా తంబీ, నాకూ ఏజ్ అయిపోయింది" అన్నాడట ఆయన.

నిబంధనలు నన్ను రాయమన్నారు, ఊళ్ళో టీచరుగా చేశాను కదా అని. పొంగిపోయాను. ఈ దేశమొచ్చాక నన్ను టీచరుగా గుర్తుపెట్టుకున్నది వీళ్ళే.

ఫిబ్రవరి 16

రాద్దామని కూర్చుంటే మా ఊరి బడి కమిటీ ఎన్నికే కళ్ళముందు.

మేం ఇక్కడికొచ్చేముందు సంగతి. బడిలో ఉన్నవి నాలుగు గదులు. రెండింట్లో మిల్లు సుబ్బయ్యగారి యూరియా బస్తాలు. ఆయన పిల్లలు గుంటూరు కాన్వెంటులో, మా బడి పెత్తనం మాత్రం ఆయనది. మా పిల్లలేమో వరండాలో, జల్లు కొడితే గోడకి అతుక్కుని. అప్పుడొచ్చింది రూలు — ఆ బడిలో పిల్లలున్నవాళ్ళకే ఓటు. వాళ్ళే నిలబడాలి, వాళ్ళే ఎన్నుకోవాలి. సుబ్బయ్యగారికి ఓటు లేదు! గేటు బయట నిలబడి పళ్ళు నూరాడు. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు మోకాళ్ళదాకా బురదతో అట్లాగే వచ్చేశారు. రత్తమ్మ చెయ్యెత్తింది, ఇంక దించదే! "అయిపోయింది, దించవే" అంటే — "ఉండండి టీచరమ్మా, మళ్ళా ఎప్పుడెత్తుతానో ఏందో" అంది. వారం తిరక్కుండా బస్తాలు బయటికి. నీళ్ళు కొట్టి గదులు కడిగాం, పిల్లలూ నేనూ. ఆ తడి నేల మీద ఘాటు యూరియా వాసన... ఇప్పటికీ ఇష్టం నాకు. చెబితే నవ్వుతారు.

మూడో నిబంధనగా అదే దించేశాను. ఒక్క ముక్క మార్చలేదు.

ఫిబ్రవరి 19, శనివారం

చదివి వినిపించాను. ఏడు నిబంధనలు. మూడోదానికి చప్పట్లు. అంకుల్ కూడా కొట్టాడు. "శానా బాగా రాసినావమ్మా." సంతకాలు పెట్టారందరూ. మొదటి సంతకం ఆయనదే.

ఫిబ్రవరి 20

అంకులే ప్రెసిడెంటు, ఇంకెవరు. నన్ను కార్యదర్శిని చేస్తే చాలు.

ఫిబ్రవరి 26, శనివారం

వెళ్ళకుండా ఉంటే ఎంత బావుండేది.

నేనే లేచి అంకుల్ పేరు ప్రతిపాదించాను. ప్రసాద్‌గారు కాగితం తీశాడు. "సారీ మేడం. అంకుల్ పిల్లలెవరూ క్లాసులో లేరు కదా. రూల్ త్రీ."

అవును. ఆయన మనవలు స్కూల్లో తమిళం చదువుతారు, ఈ క్లాసుకి రారు. నాకు తట్టనే లేదు. పది రోజులు ఆ కాగితం దగ్గర పెట్టుకుని తిరిగాను, తట్టలేదు!

"ఆ రూలు నాది, కొట్టేస్తున్నాను" అనాలి కదా. అనలేదు. ఇంతలో ఎవరో నా పేరు చెప్పారు. చేతులు లేచాయి. అంకుల్ చెయ్యి కూడా సగం లేచింది, ఆగింది. ఓటు లేదని గుర్తొచ్చినట్టుంది. మెల్లిగా ఒళ్ళో పెట్టుకున్నాడు.

ప్రెసిడెంటు నేనే, ఇక క్లాసు చెప్పేదీ నేనేనట. అందరూ వెళ్ళాక అంకుల్ గది తాళంచెవి ఇచ్చాడు. "రైట్ పక్క గట్టిగా తిప్పాలమ్మా. లేకుంటే తెరుచుకోదు."

ఫిబ్రవరి 27

రవి: "నువ్వేమన్నా దొంగతనం చేశావా? పద్ధతి ప్రకారమే గెలిచావుగా."

అదే కదా నా ఏడుపు. పద్ధతి ప్రకారమే.

ఇక్కడైనా నిజం రాసుకోవాలి. చేతులు లేస్తుంటే సంతోషమేసింది. ఆయన పక్కనే ఉండగా. సిగ్గులేని సంతోషం.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ అసలు కొండనాలుకకి జబ్బే లేదు. సుబ్బయ్యని బయట నిలబెట్టిన రూలు తెచ్చి అప్పన్న అంకుల్ మీద పెట్టాను. అక్కడ బస్తాలు పోయాయి, ఇక్కడ మనిషే పోయాడు.

మార్చి 4, శనివారం

నా మొదటి క్లాసు. ఎవరి సూట్‌కేసులోనో హైదరాబాద్ నుంచి కొత్త వాచకాలు వచ్చాయి. పిల్లలు బుద్ధిగా కూర్చున్నారు, బుద్ధిగా రాశారు. ఒక్కరూ నవ్వలేదు. భోజనం చేశారా అని అడగడం నాకూ గుర్తురాలేదు.

దారిలో చిన్ని, ఇక్కడి బడి ఇంగ్లీషులో: "వై తాతా నాట్ కమింగ్? హీ సిక్ ఆ?"

"లేదమ్మా."

"దెన్ యూ గో కాల్ హిమ్ లా."

మార్చి 5

వెళ్ళాను. ఆంటీ తలుపు తీసి, నన్ను చూసి, కాఫీ కలపడానికి వెళ్ళింది. తిట్టినా బావుండేది.

"రూలు మార్పిస్తాను అంకుల్" అన్నాను.

"వద్దమ్మా. నాకోసం మారిస్తే రేపు ఇంకొకడికోసం మారుస్తారు." మళ్ళీ తనే — "ప్రసాద్ తంబీ చెప్పినాడు, నా తెలుగు తప్పు అని. పిల్లలు పాడవుతారంట. మా అయ్య చెప్పిందే నాకు తెలుసు. ఆయనకి వాళ్ళ అయ్య చెప్పినాడు. బుక్ ఎక్కడ ఉండేదమ్మా మాకు?"

తప్పా? ఆయన నోట వచ్చే మాటల్లో సగం, మా అమ్మమ్మ పోయాక నేను మళ్ళీ వినలేదు. బీరకాయ పొట్టు పచ్చడి నూరుతూ ఆవిడ మాట్లాడిన తెలుగు అది. సముద్రం దాటొచ్చి ఈ పదకొండో అంతస్తులో వింటున్నాను. వినడానికే శనివారం కోసం ఎదురుచూసేదాన్నని ఇవాళే తెలిసింది. అక్కడే ఏడ్చేశాను. ఆంటీ కాఫీ నా చేతిలో పెట్టి, భుజం మీద ఒకసారి తట్టింది.

మార్చి 8

ఆయన వద్దన్నా సరే. ప్రసాద్‌గారికి ఫోన్ చేశాను. "రూల్ మార్చాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి మేడం. రూల్ సెవెన్. అదీ మీరే రాశారు."

ఛీ. నా రాతా నేనూ.

మార్చి 9

ఏడు ఇళ్ళు తిరిగాను. నలుగురు సరేనన్నారు. ముగ్గురు "ప్రసాద్‌గారేమన్నారు?" అన్నారు.

మార్చి 11, శనివారం

మూడు కొట్టింది. పిల్లలు కూర్చున్నారు. బోర్డు మీద తేదీ వేస్తున్నాను. గుమ్మంలో అంకుల్. ఇస్త్రీ చొక్కా, చేతిలో కొత్త నోటుబుక్కు, ఒక కాగితం. చెప్పులు విప్పి పిల్లల చెప్పుల వరసలో పెట్టాడు.

కాగితం నాకిచ్చాడు. క్లాసులో చేరే ఫారం. గుండ్రటి పెద్ద అక్షరాలు. విద్యార్థి పేరు: అప్పన్న. వయసు: అరవై ఎనిమిది.

"తప్పులు ఉన్నాయి అన్నారు కదమ్మా. దిద్దు."

ఎగతాళా, నిజమా... మొహం చూశాను, తెలియలేదు. ఇప్పటికీ తెలియడం లేదు.

వెనక చాప మీద కూర్చోబోయాడు, మోకాళ్ళు వంగలేదు. చిన్ని పరిగెత్తి గోడవారకి చాప లాగింది. "సిట్ హియర్ లా, తాతా." పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయనా నవ్వాడు. గంటసేపు నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు, తల ఎత్తకుండా. 

కొడుకుని తీసుకెళ్ళడానికొచ్చిన ప్రసాద్‌గారు ఫారం చూశాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు. తర్వాత, "స్టూడెంట్‌కి ఓటుండదు మేడం. తల్లిదండ్రులకే" అన్నాడు. మెల్లిగానే అన్నాడు.

మార్చి 12

ఫారంలో ఒక గడి ఖాళీగా ఉంది. తల్లి లేక తండ్రి సంతకం. నిన్న వెళ్తూ వెళ్తూ చూపించాడు. "మా అయ్య లేడు, అమ్మ లేదు. ఇక్కడ నువ్వే పెట్టాలమ్మా."

పొద్దుటినుంచి బల్లమీద అదే. పెట్టకపోతే ఆయన చేరినట్టు కాదు. పెడితే... ఆయనకి ఓటు లేకుండా చేసినదాన్ని, ఆయనకి తల్లినని సంతకం పెట్టాలి. రవి వచ్చి చూసి, "పెట్టెయ్, ఏముంది అందులో" అని వెళ్ళిపోయాడు.

పెన్ను తీశాను. మూత పెట్టాను. మళ్ళీ తీశాను. ఇంకా పెట్టలేదు.